బంప్ స్టాక్ సరదాకి కొనొచ్చా, దండగేనా? రైఫిల్ ఉన్నవాళ్ళు చెప్పండి

అందరికీ నమస్తే. మేం డాలస్ దగ్గర ఉంటాం. గ్రీన్‌కార్డ్ వచ్చాక ఏఆర్-15 రైఫిల్ కొన్నాను. వేటా గీటా ఏమీ లేదు, వీకెండ్ రేంజ్‌కెళ్ళి కాగితం టార్గెట్లు కొట్టడమే. అక్కడ పరిచయమైన ఒకాయన బంప్ స్టాక్ పెట్టుకో, మజా వస్తుంది అని ఒకటే పోరు. అంటే రైఫిల్‌లో భుజానికి ఆనించే భాగం బదులు బిగించేది; పేలినప్పుడు రైఫిల్ వెనక్కి తన్నే ఊపుతోనే తూటాలు వరసగా పేలతాయి.

చట్టం సంగతి చదివాను. 2017 లాస్ వేగస్ కాల్పుల తర్వాత వీటిని మెషీన్ గన్ల కింద జమకట్టి నిషేధించారు. 2024 జూన్‌లో ఆస్టిన్ గన్‌షాపు యజమాని మైకేల్ కార్గిల్ కేసులో సుప్రీంకోర్టు 6-3తో ఆ రూల్ కొట్టేసింది. కాలిఫోర్నియా లాంటి చోట్ల రాష్ట్ర నిషేధం ఎలాగూ ఉంది.

నాకు కావాల్సింది వాడినవాళ్ళ మాట. రైఫిల్ మొత్తం ముందుకీ వెనక్కీ ఊగుతూ ట్రిగ్గర్ వచ్చి వేలికి తగులుతుంటే ఇక గురి ఏం నిలుస్తుంది? 30 తూటాల మ్యాగజైన్ కొన్ని సెకన్లలో ఖాళీ, బిల్లు మాత్రం మనకి! పైగా మా రేంజ్‌లో సెకనుకి ఒక్క షాటే అని బోర్డు పెట్టారు. మీ దగ్గర ఒప్పుకుంటున్నారా?

ఇంకోటి, మొహమాటం లేకుండా చెప్పండి. లాస్ వేగస్‌లో అరవై మంది ప్రాణాలు తీసిన వస్తువు ఇంట్లోకి తేవద్దని మా ఆవిడ అంటోంది. అప్పట్లో తుపాకీ హక్కుల సంఘం ఎన్‌ఆర్‌ఏ కూడా వీటిపై అదనపు నియంత్రణ ఉండాలంది. రైఫిళ్ళు ఉండి కూడా ఇవి వద్దనేవాళ్ళు మీలో ఉన్నారా? ఉంటే ఎందుకు?