5 మి.మీ. బాల్ స్క్రూ ఉన్న చిన్న మిల్లు: స్టెప్పర్లే ఉంచాలా, సర్వోలకు మారాలా?

ప్రశ్న:
నమస్కారమండి. బల్ల మీద పెట్టుకునే, కంప్యూటర్‌తో నడిచే చిన్న మిల్లు (లోహాన్ని కోసే మిల్లింగ్ మెషీన్). మూడు అక్షాలకూ 16 మి.మీ. వ్యాసం, 5 మి.మీ. లీడ్ (ఒక చుట్టుకి జరిగే దూరం) ఉన్న బాల్ స్క్రూలు (నట్టులో బంతులు దొర్లే మరలు). మోటార్లు 57 మి.మీ. స్టెప్పర్లు (అడుగు అడుగుగా తిరిగే మోటార్లు): 3 న్యూటన్ మీటర్లు, 4.2 ఆంపియర్లు, ఇండక్టెన్స్ (కరెంటు మారడాన్ని కాయిల్ అడ్డుకునే గుణం) 3 మిల్లీహెన్రీలు. సప్లై 24 వోల్టులు, మోటార్లకి కరెంటిచ్చే డ్రైవర్లు 80 వోల్టుల దాకా తట్టుకుంటాయి, మైక్రోస్టెప్ (ఒక్కో అడుగునీ ఎన్ని ముక్కలు చేయాలన్నది) 16. కంట్రోలర్ ఆర్డుయినో ఊనో బోర్డు మీద జీఆర్‌బీఎల్ (మోటార్లకి పల్సులు పంపే ప్రోగ్రామ్). టేబుల్, వైస్ కలిపి 40 కిలోలు. నిమిషానికి 2,000 మి.మీ. దాటితే ఎక్స్ అక్షం కీచుమని ఆగిపోతోంది. నాకు 5,000 కావాలి. 400 వాట్ల ఏసీ సర్వోలు (తామెంత తిరిగాయో కొలుచుకుంటూ తిరిగే మోటార్లు) వేస్తే సరిపోతుందా?

మొదటి జవాబు:
మోటార్ మార్చే ముందు స్క్రూ ఎంత వేగంగా తిరగాలో లెక్కేయండి. 5,000ని 5తో భాగిస్తే 1,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు). ఇప్పుడు మీది ఆగుతున్నది 400 దగ్గర. కేటలాగులో రాసే 3 న్యూటన్ మీటర్లు మోటార్ కదలకుండా పట్టి ఉంచినప్పటి బలం. వేగం పెరిగేకొద్దీ కాయిల్‌లో కరెంటు నిండడానికి టైము చాలదు, పైగా మోటార్ తనే ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది. 24 వోల్టులతో ఆ రెండింటినీ నెట్టుకురావడం కష్టం. అందుకే టార్క్ (తిప్పే బలం) పడిపోతోంది.

సప్లై ఎంత ఉండాలో చెప్పే పాత సూత్రం ఒకటుంది: మిల్లీహెన్రీల వర్గమూలాన్ని 32తో గుణించాలి. మీ 3కి 55 వోల్టులు వస్తుంది, అది గరిష్ఠ హద్దు. 48 వోల్టుల సప్లై పెట్టండి. వోల్టేజీ రెండింతలైతే టార్క్ నిలబడే వేగం కూడా దాదాపు రెండింతలవుతుంది. మీ డ్రైవర్లు 80 వోల్టులవి కాబట్టి భయం లేదు. 50 వోల్టుల డ్రైవర్‌కి మాత్రం 48 ఇవ్వకూడదు. బరువు గబుక్కున ఆగినప్పుడు మోటార్ జనరేటర్‌లా పనిచేసి ఆ శక్తిని సప్లైలోకి తోస్తుంది, వోల్టేజీ 50 దాటి డ్రైవర్ కాలిపోతుంది.

రెండో అడ్డంకి మీ కంట్రోలర్‌లో ఉంది. మైక్రోస్టెప్ 16 అంటే ఒక చుట్టుకి 3,200 పల్సులు. 1,000 ఆర్‌పీఎంకి సెకనుకి 53,000 పైచిలుకు కావాలి. ఊనో మీద జీఆర్‌బీఎల్ ఇవ్వగలిగేది సుమారు 30,000. అంటే మోటార్‌కి శక్తి ఉన్నా 2,800 దగ్గరే ఆగాలి. మైక్రోస్టెప్ 8కి దించండి: 26,700 పల్సులతో 5,000 అందుతుంది. సెట్టింగుల్లో మి.మీ.కి స్టెప్పులు 640 నుంచి 320కి మార్చడం మరిచిపోకండి, లేకపోతే 10 చెప్తే 20 కదులుతుంది.

అడిగినవారు:
8కి దించితే ఖచ్చితత్వం తగ్గదా? పైగా 40 కిలోల బరువు కదా, 3 న్యూటన్ మీటర్లు చాలుతుందా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
8 దగ్గర ఒక పల్సుకి 0.003 మి.మీ. పైచిలుకు. అది చాలు. మైక్రోస్టెప్పులు పెంచితే కదలిక నునుపవుతుంది కానీ ఖచ్చితత్వం పెరగదు. 16 దగ్గర ఒక్క మైక్రోస్టెప్పు అదనంగా ఇచ్చే టార్క్ మొత్తంలో పదో వంతు కన్నా కొంచెం తక్కువ. ఘర్షణ అంతకన్నా ఎక్కువైతే ఆ ఒక్క స్టెప్పుకి టేబుల్ కదలనే కదలదు.

బరువు సంగతికొస్తే, ప్రతి సెకనుకీ వేగాన్ని సెకనుకి 500 మి.మీ. చొప్పున పెంచుతూ 40 కిలోలు తోయడానికి 20 న్యూటన్లు చాలు. స్క్రూ దగ్గర అది 0.02 న్యూటన్ మీటర్ కూడా కాదు. అదే సమయంలో మోటార్ రోటర్‌నీ స్క్రూనీ తిప్పడానికే సుమారు 0.05 పోతుంది. టేబుల్ కన్నా తన రోటర్‌ని తిప్పుకోవడానికే మోటార్ ఎక్కువ కష్టపడుతోందన్నమాట! స్క్రూ దగ్గర 1 న్యూటన్ మీటర్ మిగిలితే 1,100 న్యూటన్ల తోపు వస్తుంది. అల్యూమినియానికి అది బోలెడు. గిబ్బులు (టేబుల్ జారే దారిలో వదులు సరిచేసే పట్టీలు) బిగుసుకుపోయి ఉంటే మాత్రం ఈ లెక్కలేవీ పనికిరావు. కప్లింగ్ (మోటార్‌నీ స్క్రూనీ కలిపే ముక్క) విప్పి స్క్రూని చేత్తో తిప్పి చూడండి, ప్రయాణం పొడవునా ఒకే తీరుగా తిరగాలి. చివర్లో బిగుసుకుంటే నట్టు, బేరింగులు ఒకే గీతలో లేవన్నమాట.

రెండో జవాబు:
పై మాటలన్నీ నిజమే, సర్వో గురించి కొంచెం కలుపుతాను. 400 వాట్ల ఏసీ సర్వో 3,000 ఆర్‌పీఎం దగ్గర 1.27 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, కొద్దిసేపు మాత్రం దానికి మూడింతల దాకా. మీ స్క్రూకి నేరుగా తగిలించి 1,000 దగ్గర తిప్పితే దాని శక్తిలో మూడో వంతే వాడుకుంటారు. టైమింగ్ బెల్టుతో 3కి 1 తగ్గింపు ఇస్తేనే దాని విలువ తెలుస్తుంది. అప్పుడు స్క్రూ దగ్గర నిరంతరంగా 3.8 న్యూటన్ మీటర్లు అందుతాయి.

ఊనోతో సర్వోని పూర్తి వేగంలో తిప్పలేరు. ఎలక్ట్రానిక్ గేర్‌ని (ఎన్ని పల్సులకి ఒక చుట్టో చెప్పే సెట్టింగు) చుట్టుకి 2,000 పల్సులకి దించినా 3,000 ఆర్‌పీఎంకి లక్ష పల్సులు కావాలి. అంటే కంట్రోలర్ కూడా మార్చాలి.

సర్వోకి ఎన్‌కోడర్ (ఎంత తిరిగిందో కొలిచే పరికరం) ఉంది కాబట్టి కొలత తప్పదనుకోకండి. అది మోటార్ వెనక ఉంటుంది, స్క్రూ నట్టులోని వదులు దానికి కనపడదు.

అడిగినవారు:
మరి మధ్యే మార్గంగా క్లోజ్డ్ లూప్ స్టెప్పర్ (ఎన్‌కోడర్ ఉన్న స్టెప్పర్)?

రెండో జవాబు ఇచ్చినవారు:
మంచిదే. ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు తగ్గించుకుని చల్లగా ఉంటుంది, స్టెప్పు తప్పితే తనే దిద్దుకుంటుంది. కానీ టార్క్ వక్రం (వేగంతో పాటు టార్క్ పడిపోయే తీరు) మామూలు స్టెప్పర్‌దే, 24 వోల్టులిస్తే ఇదీ 400 దగ్గరే చతికిలపడుతుంది. అలారం తీగని కంట్రోలర్‌కి తప్పక కలపండి. కలపకపోతే ఎక్స్ ఆగిపోయినా వై, జెడ్ కోస్తూనే పోతాయి, ముక్కతో పాటు కట్టర్ కూడా విరుగుతుంది.

మూడో జవాబు:
సప్లై మార్చాక ఒక పరీక్ష చేయండి. డయల్ గేజ్‌ని టేబుల్‌కి ఆనించి సున్నా చేసి, 50 మి.మీ. ముందుకీ వెనక్కీ 100 సార్లు పూర్తి వేగంలో తిప్పి, అదే దిక్కు నుంచి సున్నాకి రండి. ముల్లు ప్రతిసారీ వేరే చోట ఆగితే స్టెప్పులు తప్పుతున్నాయి. యాక్సిలరేషన్ సగానికి దించి మళ్ళీ చూడండి, అప్పటికీ పోకపోతే వేగం దించండి. తేడా ఎప్పుడూ ఒకే వైపు, తిప్పిన సార్లకు తగ్గట్టు పెరుగుతుంటే దిక్కు మారే ప్రతిసారీ ఒక పల్సు పోతోంది. 400 మలుపులున్న చెక్కడం పనిలో అది 1.25 మి.మీ. అవుతుంది! అప్పుడు స్టెప్ పల్స్ పోలారిటీని తిప్పి పెట్టండి. రెండో దిక్కు నుంచి వచ్చినప్పుడే తేడా ఉంటే అది బ్యాక్‌లాష్ (నట్టులోని వదులు), ఏ మోటార్ వేసినా పోదు.

అన్నిటికన్నా ముందు కప్లింగ్ మీదా మోటార్ షాఫ్ట్ మీదా కలిపి మార్కర్‌తో ఒక గీత గీయండి. పరీక్ష తర్వాత గీత విడిపోతే గ్రబ్ స్క్రూ (కప్లింగ్‌ని షాఫ్ట్‌కి బిగించే చిన్న మర) జారుతోంది. అది చూడకుండా సెట్టింగులు మారుస్తూ కూర్చుంటే సాయంత్రమైనా తేలదు.

అడిగినవారు:
ధన్యవాదాలండి. 48 వోల్టుల సప్లై, మైక్రోస్టెప్ 8తో మొదలుపెడతాను. జెడ్‌కి (పైకీ కిందికీ కదిలే అక్షానికి) ప్రత్యేకంగా ఏమైనా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
బాల్ స్క్రూ తనంతట తాను ఆగదు. కరెంటు పోతే స్టెప్పరైనా సర్వో అయినా బరువైన తల (కట్టర్ ఉండే భాగం) కిందికి జారుతుంది. దానికి గ్యాస్ స్ట్రట్ (బరువుని మోసే గ్యాస్ గొట్టం) గానీ, బ్రేక్ ఉన్న మోటార్ గానీ పెట్టండి. డ్రైవర్‌కి కరెంటు ఉండగా మోటార్ తీగలు ఎప్పుడూ పీకకండి, ఆ ఒక్క నిప్పురవ్వకే డ్రైవర్ పోతుంది.