ఎనిమిది మంది కాల్ గంటైనా తేలడం లేదు, మీరెలా నడుపుతున్నారు?

కొత్త_లీడ్
ఏప్రిల్ నుంచి టీమ్ బాధ్యత నాకొచ్చింది. హైదరాబాద్‌లో ఐదుగురం, డల్లాస్‌లో ముగ్గురు. రోజూ రాత్రి ఏడున్నరకు కాల్, అక్కడ ఉదయం తొమ్మిది. అరగంట అనుకున్నది గంట దాటుతోంది. ఇద్దరే మాట్లాడతారు, మిగతావాళ్లు మ్యూట్‌లో ఉంటారు. టెస్టింగ్ సర్వర్ ఎవరు సరిచేయాలన్న చిన్న విషయం మూడు రోజులుగా నలుగుతోంది. కాల్ అంటేనే టెన్షన్‌గా ఉంటోంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రాత్రి_కాల్స్
పద్నాలుగేళ్లుగా ఇదే పనిలో ఉన్నానండి. ముందు మీరు పంపే ఆహ్వానం చూడండి. అందులో "సర్వర్ గురించి చర్చ" అని రాస్తే చర్చే జరుగుతుంది. "సర్వర్ ఎవరు సరిచేస్తారు, ఎప్పటికి?" అని రాయండి. జవాబు రాగానే కాల్ ముగించేయొచ్చు, గంట నిండేదాకా కూర్చోనక్కర్లేదు.

మ్యూట్‌లో ఉన్నవాళ్ల సంగతి. "ఎవరికైనా సందేహాలున్నాయా?" అంటే ఎవరూ పలకరు. పేరు పెట్టి అడగాలి, అదీ పేరు ముందు, ప్రశ్న తర్వాత. పేరు వినగానే మనిషి సర్దుకుని మ్యూట్ తీస్తాడు, ప్రశ్న మొత్తం వింటాడు. ఇంకో మాట, అందరికన్నా చిన్నవాళ్లతో మొదలుపెట్టండి. మేనేజర్ గారు ఒక అభిప్రాయం చెప్పేశాక దాన్ని కాదనే ధైర్యం మన పిల్లలకు ఉండదు.

నవంబర్ మొదటి ఆదివారం కూడా గుర్తుంచుకోండి. అమెరికాలో గడియారం గంట వెనక్కి జరుపుతారు, మీ ఏడున్నర ఎనిమిదిన్నర అవుతుంది. లండన్ వాళ్లు అక్టోబర్ చివరి ఆదివారమే మార్చేస్తారు. మాకు మూడు చోట్లా మనుషులున్నారు. ఒక ఏడాది ఆ మధ్య వారంలో సగం మంది గంట ముందే వచ్చి, ఎవరూ లేరని వెళ్లిపోయారు. ఆహ్వానం డల్లాస్ టైమ్‌లో పెడితే మన దగ్గర క్యాలెండర్ దానంతటదే మారుతుంది.

భీమవరం_ఆక్వా
మాది కంప్యూటర్ ఆఫీసు కాదు, రొయ్యలు కొని ప్లాంటుకు పంపే పని. పొద్దున్నే చెరువుల దగ్గరున్న నలుగురిని మామూలు ఫోన్‌లోనే కలుపుతాను. మాట్లాడేదంతా అంకెలే: ఏ కౌంట్ (అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో), ఎన్ని టన్నులు, కిలో ఎంత.

ఒకసారి పట్టుబడికి ఐసు "ఫిఫ్టీ దిమ్మలు" అన్నాను. గాలి హోరులో అవతల "ఫిఫ్టీన్" అని వినపడింది. వల లాగి రొయ్య గట్టు మీదికి వచ్చాక చూస్తే ఐసు లేదు. ఎండ ఎక్కుతోంది, ఇంకో బండి వచ్చేసరికి పైనున్న సరుకు మెత్తబడింది. రైతు ముఖం చూడలేకపోయాను. అప్పటినుంచి అంకె తెలుగులోనే చెప్పాలి, విన్నవాడు తిరిగి చెప్పాలి. తెలుగులోనూ ఇరవై, అరవై ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి. అందుకే "అరవై, ఆరు సున్నా" అంటాం. దీనికి ఒక నిమిషం ఎక్కువ పడుతుంది, పట్టనివ్వండి.

లెక్కల_డెస్క్
ఆక్వా గారి మాటకు నాదొకటి చేరుస్తాను. విజయవాడలో అకౌంట్స్ చూస్తాను, నెలాఖరులో నాలుగు బ్రాంచీలతో కాల్. చాలా రోజులు మా కాల్స్ "చేద్దాం", "చూద్దాం"లతోనే ముగిసేవి. చేద్దాం అంటే ఎవరు చేస్తారు? ఇప్పుడు "నేను చేస్తాను, గురువారానికి" అనే మాట ఒకరి నోట వచ్చేదాకా ఆ అంశం వదలను. పెట్టేసే ముందు తేలినవన్నీ పైకి చదువుతాను. "అలా అనుకోలేదే" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట అక్కడే రావడం చాలా మంచిది, వారం తర్వాత వస్తే పని రెండుసార్లు చేయాలి. చదివిన మూడు లైన్లనే పది నిమిషాల్లో వాట్సాప్ గ్రూపులో పెడతాను.

వైర్_హెడ్‌సెట్
చిన్న విషయమే కానీ చెప్తున్నా. చాలా బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో మైక్ ఆన్ కాగానే శబ్దం నాణ్యత పడిపోతుంది. వైరున్నది వాడండి. రౌటర్‌ను ఇన్వర్టర్‌కు కలపండి.

కొత్త_లీడ్
అందరికీ ధన్యవాదాలండి. నిన్న ఆహ్వానంలో ఒకే ప్రశ్న రాశాను. ముందుగా మా టీమ్‌లో చేరి ఆరు నెలలైన అమ్మాయిని పేరు పెట్టి అడిగాను. సర్వర్ పాస్‌వర్డ్ మార్చాక తనకు యాక్సెస్ లేదని, లేకపోతే మొదటి రోజే సరిచేసేదాన్నని చెప్పింది. మూడు రోజులు మేం ఆ అమ్మాయిని అడగనే లేదు. డల్లాస్ నుంచి అప్పటికప్పుడే యాక్సెస్ ఇచ్చారు, ఇరవై రెండు నిమిషాల్లో కాల్ అయిపోయింది. ఆహ్వానం డల్లాస్ టైమ్‌కు మార్చాను. నవంబర్ నుంచి ఎనిమిదిన్నర అని ఇంట్లో ఇప్పుడే చెప్పిపెట్టాను.