డీప్ వాటర్ పోర్టు ఉండగా కాకినాడలో ఇంకా బార్జీలెందుకు?

తాళ్ళరేవు కుర్రాడు: మా తాతగారు బార్జీ (సరుకు మోసే చదునైన పెద్ద పడవ) మీద పనిచేసేవారండి. జగన్నాథపురం వైపు ఉప్పుటేరులో ఇప్పటికీ బియ్యం బస్తాలు బార్జీలకెక్కించి, బయట లంగరేసిన ఓడకి తీసుకెళ్తున్నారు. పక్కనే పెద్ద పోర్టు ఉంది కదా, నేరుగా ఎక్కించరేం?

ఓడరేవు ఉద్యోగి: రెండూ వేరు బాబూ. పాతది యాంకరేజ్ పోర్టు, అక్కడ గట్టు దగ్గర పెద్ద ఓడకి లోతు చాలదు, అందుకే బార్జీలు. పెద్ద ఓడలు గట్టు దాకా వచ్చే డీప్ వాటర్ పోర్టు 1997లో మొదలైంది, 1999లో ప్రైవేటు చేతికిచ్చారు. బస్తాల పనికి బార్జీలే బాగా కుదురుతాయి, వాటి మీద వేలమంది కూలీలు బతుకుతున్నారు, అది ఆగిపోవాలని నేనైతే అనను.

కోరంగి నుంచి: అసలు సమస్య ఇసకండి! గోదావరి తెచ్చే ఒండ్రు, ఇసక అలలతో ఉత్తరానికి జరిగి జరిగి కాకినాడ ఎదుట సముద్రంలో హోప్ ఐలాండ్ అనే దీవి అయింది. అదే అడ్డుగా నిలబడి కాకినాడ నీళ్ళని శాంతంగా ఉంచుతోంది, అదే ఇసక ఓడల దారిలోనూ పేరుకుంటోంది, అందుకే డ్రెడ్జింగ్, అంటే అడుగున ఇసక తోడెయ్యడం, ఆపితే కుదరదు. మా కోరంగి ఒకప్పుడు ఎంత పెద్ద రేవో! 1839 ఉప్పెన దాన్ని ఊడ్చేసింది, మిగిలిన దారి పూడిపోయింది. మడ అడవిని మాత్రం ముట్టుకోకండి, దయచేసి.

తాళ్ళరేవు కుర్రాడు: థాంక్సండి, ఇసక సంగతి తాతగారు కూడా చెప్పేవారు.