జెడ్/ఓఎస్ అప్‌గ్రేడ్‌కి ముందు పాత యూజర్‌మాడ్‌లను ఎలా తేల్చాలి?

నమస్కారం. మా మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ జెడ్/ఓఎస్‌ని 2.5 నుంచి 3.1కి మార్చే పని నాకు అప్పజెప్పారు. ఎస్ఎంపీ/ఈ (సాఫ్ట్‌వేర్ మార్పులను ఎక్కించి, వాటి లెక్క ఉంచే సాధనం) టార్గెట్ జోన్‌లో, అంటే నడిచే లైబ్రరీల రికార్డులో, 41 యూజర్‌మాడ్‌లు (ఐబీఎం కోడ్‌కి మావాళ్లు సొంతంగా చేసుకున్న మార్పులు) ఉన్నాయి. రాసినవాళ్లలో చాలామంది రిటైరయ్యారు, సోర్స్‌లో కామెంట్లు కూడా లేవు.

యూజర్‌మాడ్‌ని అప్లై చేసి (నడిచే లైబ్రరీల్లోకి ఎక్కించి) ఆపాలని, యాక్సెప్ట్ చేయకూడదని (మూల ప్రతిలో కలపకూడదని) నాకు నేర్పారు. అప్పుడే రిస్టోర్‌తో వెనక్కి తీయగలం. ఇక్కడ ఆరింటిని ఎవరో యాక్సెప్ట్ చేసేశారు. పోయిన నెల ఒక పీటీఎఫ్‌కి (ఐబీఎం పంపే దిద్దుబాటు) అప్లై చెక్, అంటే నిజంగా ఎక్కించకుండా చేసే పరీక్ష, నడిపితే మాడ్ఐడీ లోపం (ఆ భాగాన్ని అప్పటికే మార్చిన మా యూజర్‌మాడ్ ఈ పీటీఎఫ్ లెక్కలో లేదని), జీఐఎం38201ఈ వచ్చింది. ఆ లోపాన్ని పట్టించుకోవద్దనే బైపాస్ ఐడీ ఇస్తే దాటుతుంది, కానీ జెస్2 (జాబ్‌లను తీసుకుని వరుసలో నడిపించే భాగం) సోర్స్‌లో మేము చేసుకున్న జాబ్ క్లాస్ తనిఖీ చప్పుడు లేకుండా పోతుంది. ఏ సందేశమూ రాదు, జాబ్‌లు మామూలుగానే నడుస్తాయి. నన్ను భయపెడుతున్నది అదే. అందుకే ఆ పీటీఎఫ్‌ని ఇంకా ఎక్కించలేదు.

ఐబీఎం కొత్త వెర్షన్‌ని పంపే ప్యాకేజీ సర్వర్‌పాక్‌తో వచ్చే కొత్త జోన్‌లలో ఇవేవీ ఉండవు. అంటే ఏవి మళ్లీ రాయాలి, ఏవి వదిలేయాలి అని నేనే నిర్ణయించాలి. ఇలాంటిది చేసినవాళ్లు చెప్పండి: ఒక యూజర్‌మాడ్ నిజంగా వాడుకలో ఉందని ఎలా రుజువు చేసుకున్నారు? టెస్ట్ ఎల్‌పార్‌లో (మెయిన్‌ఫ్రేమ్‌లో పరీక్షల కోసం వేరుచేసిన భాగం) ఒక్కొక్కటే తీసి చూడటం సరిపోతుందా? నెలాఖరు జాబ్‌లు అక్కడ నడవవు మరి.

ఇంకొకటి. జెస్2 సోర్స్ మార్పులను ఎగ్జిట్‌లుగా (మన కోడ్‌ని తగిలించడానికి ఐబీఎం ఇచ్చిన చోట్లు) గానీ, జెడ్/ఓఎస్ 2.4లో వచ్చిన జెస్2 పాలసీలుగా (కోడ్ లేకుండా రాసే నియమాలు) గానీ మార్చినవాళ్లు ఉన్నారా? ఎక్కడ ఇబ్బంది పడ్డారో వివరంగా రాస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.