దుస్తుల బ్రాండు "బాధ్యతతో తయారైనది" అంటే దాన్ని ఎలా సరిచూడాలి?

నూలుపోగు (ప్రశ్న)
నమస్కారం. నేను తరచుగా కొనే ఒక రెడీమేడ్ బ్రాండు ఈ ఏడాది ఆకుపచ్చ చీటీలు తగిలించిన ప్రత్యేక శ్రేణిని తెచ్చింది. చీటీకి ఒకవైపు "బాధ్యతతో తయారైనది" అని, రెండోవైపు చిన్న అక్షరాల్లో "50% రీసైకిల్డ్ పాలిస్టర్" అని ఉంది. బట్ట ఎక్కడ నేశారో, ఎవరు కుట్టారో దాని మీద లేదు. కంపెనీ నివేదిక తెరిస్తే 2030 నాటి లక్ష్యాలే ఎక్కువగా కనిపించాయి. పర్యావరణం విషయంలోనూ, కార్మికుల విషయంలోనూ ఒక బ్రాండు నిజాయితీని బయటివాళ్లం అంచనా వేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కత్తెరబల్ల
ఎగుమతి యూనిట్లలో నిబంధనల అమలు చూసే పని నాది. చీటీని పక్కన పెట్టి ముందు ఫ్యాక్టరీల జాబితా వెతకండి. తన బట్టలు ఏ ఊళ్లో, ఏ యూనిట్లో తయారవుతున్నాయో పేరూ చిరునామాతో సహా బ్రాండు ప్రకటించిందా అన్నదే నా దృష్టిలో మొదటి పరీక్ష. ఓపెన్ సప్లై హబ్ అనే ఉచిత వెబ్‌సైటులో వెతికినా కొంత తెలుస్తుంది.

జాబితా ఉన్నంత మాత్రాన సరిపోదు. అది కుట్టు యూనిట్ల దగ్గరే ఆగిందా, అద్దకం మిల్లుల దాకా వెళ్లిందా అన్నది చూడాలి, ఎందుకంటే నీళ్లూ రసాయనాలూ విపరీతంగా ఖర్చయ్యేది అక్కడే. తిరుప్పూరులో నొయ్యల్ నదిని పాడుచేసింది అద్దకం యూనిట్ల మురుగు. 2011లో మద్రాసు హైకోర్టు వాటిని మూయించాక గానీ, వాడిన నీటిని బయటికి వదలకుండా శుద్ధిచేసి మళ్లీ వాడుకునే పద్ధతి అక్కడ గట్టిగా అమలు కాలేదు. బట్టను ఎక్కడ అద్దిస్తున్నారో చెప్పకుండా "నీటిని ఆదా చేశాం" అంటే ఆ మాటను సరిచూసే దారే ఉండదు.

కార్మికుల విషయంలో ఆడిట్ పత్రాన్ని చూసి తృప్తి పడకండి. 2012 సెప్టెంబరులో కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఊచలు, తలుపులకు తాళాలు ఉన్న ఆ ఫ్యాక్టరీకి అంతకు కొద్ది వారాల ముందే ఎస్‌ఏ 8000 అనే, కార్మికుల పరిస్థితులు సరిగా ఉన్నాయని చెప్పే ధ్రువపత్రం వచ్చింది. మరుసటి ఏడాది ఢాకా దగ్గర రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయిన తరువాత, బ్రాండ్లూ కార్మిక సంఘాలూ కలిసి "అకార్డ్" అనే చట్టబద్ధమైన భద్రతా ఒప్పందం చేసుకున్నాయి. బంగ్లాదేశ్ నుంచి, పాకిస్తాన్ నుంచి సరుకు తెప్పించుకునే బ్రాండు దాని మీద సంతకం చేసిందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు. నేనైతే ఎంత అందమైన నివేదిక కన్నా ఆ సంతకానికే ఎక్కువ విలువ ఇస్తాను.

కొనుగోలు పద్ధతి గురించి కూడా అడగాలి. ధర తగ్గించి, గడువు కుదించి, చివరి వారంలో డిజైను మార్చే బ్రాండు తన నియమావళిలో ఎన్ని మంచి మాటలు రాసుకున్నా, కింద యూనిట్లో రాత్రి ఓవర్‌టైమ్ తప్పదు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు చాలా బ్రాండ్లు కుట్టడం పూర్తయిన సరుకుకు కూడా డబ్బు ఆపేశాయి. మీ బ్రాండు అప్పుడు ఏం చేసిందో పాత వార్తల్లో వెతకండి.

నూలుపోగు
ధన్యవాదాలండి. నూలు బట్టల మీద జీవోటీఎస్ (సేంద్రియ వస్త్రాల అంతర్జాతీయ ప్రమాణం) ముద్ర ఉంటే పత్తి గురించి నిశ్చింతగా ఉండవచ్చా?

నల్లరేగడి
మాది ఆదిలాబాద్ వైపు. ముద్రల్లో జీవోటీఎస్ గట్టిదే: "ఆర్గానిక్" అని రాయాలంటే 95 శాతం, "ఆర్గానిక్‌తో తయారైనది" అనాలంటే కనీసం 70 శాతం సేంద్రియ నూలు ఉండాలి. రసాయనాలకు, కార్మికుల పరిస్థితులకు కూడా అందులో నిబంధనలు ఉన్నాయి. చీటీ మీద ధ్రువీకరణ సంస్థ పేరు, లైసెన్సు నంబరు ఉంటాయి కాబట్టి వాళ్ల వెబ్‌సైటులో సరిచూసుకోండి. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 మాత్రం తయారైన బట్టలో హానికర రసాయనాలు ఉన్నాయా లేదా అన్నంత వరకే చెబుతుంది. కూలి గురించి దానికి సంబంధం లేదు.

అయినా నిశ్చింతగా ఉండమని చెప్పలేను. 2020లో మన దేశంలోనే సుమారు 20,000 టన్నుల పత్తికి దొంగ పత్రాలు సృష్టించారని జీవోటీఎస్ సంస్థే బయటపెట్టింది. దేశంలో పత్తి విస్తీర్ణంలో 90 శాతానికి పైగా, సేంద్రియ సాగులో వాడకూడని బీటీ (జన్యుమార్పిడి) రకాలే కావడంతో, బీటీ కాని విత్తనం సంపాదించడమే రైతుకు పెద్ద పని. చేనులో జాగ్రత్త పడ్డా జిన్నింగ్ మిల్లులో దూది కలిసిపోతుంది. అందుకే బ్రాండును ఏ రైతు సంఘం దగ్గర కొన్నారో అడగండి. మా ప్రాంతంలో చేత్నా ఆర్గానిక్ లాంటి సంస్థలు సంఘాలుగా ఏర్పడిన రైతులతో పనిచేస్తున్నాయి. అలాంటి చోట కొన్నవాళ్లకు ఊరి పేరు చెప్పడం కష్టం కాదు.

తూకంరాళ్లు
మీ చీటీ మీది పాలిస్టర్ గురించి ఒక మాట. రీసైకిల్డ్ పాలిస్టర్‌లో అధిక భాగం ప్లాస్టిక్ సీసాల నుంచి వస్తుంది, పాత బట్టల నుంచి కాదు. సీసా మళ్లీ సీసా కాగలదు గానీ, చొక్కాగా మారిన తరువాత సాధారణంగా చెత్తకుప్పకే చేరుతుంది. అంతకన్నా ముఖ్యం, ఆ ఆకుపచ్చ శ్రేణి కంపెనీ మొత్తం ఉత్పత్తిలో ఎంత వాటా అన్నది. కర్బన ఉద్గారాలను కూడా ఒక్కో బట్టకు ఎంత తగ్గించారని కాకుండా, మొత్తం మీద ఏటేటా పెరిగాయా తగ్గాయా అని చూడండి.

ఇలాంటి చీటీల మీద చట్టం కూడా కదులుతోంది. 2022లో నెదర్లాండ్స్ వినియోగదారుల నియంత్రణ సంస్థ జోక్యంతో హెచ్ అండ్ ఎం, డెకాథ్లాన్ తమ అస్పష్టమైన పర్యావరణ ప్రచారాన్ని మార్చుకోవడానికి ఒప్పుకున్నాయి. మన దేశంలో 2024 అక్టోబరులో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం "పర్యావరణ హితం" వంటి మాటలు ఆధారం చూపకుండా వాడకూడదు. ముందు కంపెనీకి రాయండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

కత్తెరబల్ల
కంపెనీకి రాసేటప్పుడు స్టైల్ నంబరు తప్పకుండా ఇవ్వండి. చాలా బట్టల్లో అది లోపల పక్క కుట్టు దగ్గర ఉండే వాష్‌కేర్ లేబుల్ మీద ఉంటుంది. అది ఇస్తే ఏ యూనిట్లో కుట్టారో వాళ్ల రికార్డుల్లో వెంటనే దొరుకుతుంది. ఇవ్వకపోతే అందరికీ పంపే జవాబే మీకూ పంపిస్తారు.