విశాఖలో సముద్రం దగ్గర ఇల్లు, బెడ్‌రూమ్ కప్‌బోర్డులో బూజు ఆగడం లేదు. ఏం చేయాలి?

మాది లాసన్స్ బే కాలనీలో అద్దె ఫ్లాట్. బెడ్‌రూమ్‌లో గోడలోకి కట్టిన కప్‌బోర్డు వానాకాలం వస్తే చాలు, చెమ్మ పట్టేస్తోంది. దాని వెనక గోడకు అవతల బాత్రూమ్. కింది అరలో ప్లైవుడ్ మీద బూడిదరంగు మచ్చలు తుడిస్తే పోతాయి, నాలుగు రోజులకి మళ్లీ అక్కడే. ఈసారి మా అత్తయ్యగారి పట్టుచీరల మడతల్లో, జరీ అంచు వెంబడి తెల్లటి పొడిలా పట్టింది. అవి ఆవిడ పెళ్లినాటి చీరలు, అందుకే ఇంత టెన్షన్.

కలరా ఉండలు పురుగుల్ని ఆపుతాయి గానీ తేమను పీల్చవు. తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బా పెడితే వారంలోనే నీళ్లతో నిండిపోతోంది. ఇక్కడ నైరుతి వానలు వెళ్లాయనుకునేసరికి అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. ఎన్ని డబ్బాలని మార్చను?

గోడకి ప్లాస్టిక్ షీటు నాలుగువైపులా టేపు వేసి అంటించాను. రెండు రోజులకి గోడవైపే నీటి చుక్కలు కనిపించాయి. అంటే తడి బాత్రూమ్ గోడలోంచే వస్తున్నట్టేనా? ఇంటి ఓనరుగారు లోపల వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేయిస్తే చాలంటున్నారు. టైల్స్ సందులు పూడ్పించకుండా పెయింట్ ఒక్కటే నిలుస్తుందా? కప్‌బోర్డు తలుపులకి జాలీ పెట్టిస్తే మేలా, లేక సముద్రపు గాలి ఇంకా లోపలికి చేరుతుందా? ఏసీని డ్రై మోడ్‌లో పెట్టి కప్‌బోర్డు తలుపులు తెరిచి ఉంచితే ఎవరికైనా పనిచేసిందా?

అన్నిటికన్నా ముందు, ఆ జరీ పాడవకుండా బూజు ఎలా తీయాలో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.