గైడే మెంటార్ కూడా కావాలా? వేరే మనిషి ఉండాలా?

పీహెచ్‌డీ నాలుగో ఏడు:
గైడ్‌తో పాటు, ఆ థీసిస్‌తో ఏ సంబంధమూ లేని ఒక మెంటార్‌ని యూనివర్సిటీయే తప్పనిసరిగా ఇవ్వాలని నా వాదన. థీసిస్ మీద సంతకం పెట్టాల్సిన మనిషితో "నాకీ టాపిక్ మీద నమ్మకం పోయింది" అని ఎలా చెప్తాం? రేపు రికమెండేషన్ లెటర్ రాయాల్సింది కూడా ఆయనే. రెండో ఏట ఆర్నెల్లు ఆ మాట గొంతులోనే పెట్టుకుని తిరిగాను. వారం వారం వెళ్లడం, "జరుగుతోంది సార్" అనడం, వచ్చేయడం.

చాలా ఏళ్లుగా గైడ్:
నేను ఒప్పుకోను. మీ పని ఎక్కడ ఆగిందో తెలియనివాళ్లు ధైర్యం చెప్పగలరు, దారి చూపలేరు. నేను చూసినంతలో పిల్లలు కుంగిపోయేది ప్రయోగం పారనప్పుడు, పేపర్ తిరిగొచ్చినప్పుడు. ఆ ముడి గైడే విప్పాలి. ఇద్దరు చెరోవైపు లాగితే నలిగేది మీరే.

పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక పరిశోధనలో):
మెంటార్ చేసే పనిని, దాని మీద పరిశోధన చేసిన క్యాతీ క్రామ్ 1985లోనే రెండుగా విడదీశారు: వృత్తిలో ముందుకు నడిపించడం, మనసుకి అండగా ఉండడం. రెండూ ఒక్కరిలోనే దొరకాలని లేదు. 2018లో నేచర్ బయోటెక్నాలజీ అనే పత్రికలో వచ్చిన, పరిశోధక విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద చేసిన సర్వేకి 26 దేశాల నుంచి 2,279 మంది జవాబిచ్చారు, ఎక్కువమంది పీహెచ్‌డీవాళ్లే. 41 శాతం మందిలో ఆందోళన మధ్యస్థాయి నుంచి తీవ్రస్థాయి దాకా ఉంది. తమంతట తాము జవాబిచ్చినవాళ్ల లెక్క కాబట్టి అందరికీ వర్తింపజేయలేం. అయితే గైడ్ అండ ఉందన్నవాళ్లలో ఆ బాధ తక్కువ కనిపించింది. ఇది సార్ వాదనకే బలం, ఒప్పుకోవాలి.

పీహెచ్‌డీ నాలుగో ఏడు:
మంచి గైడ్ ఉన్నవాళ్ల సంగతి సరే సార్, లేనివాళ్లో? నా మొదటి చాప్టర్ నాలుగు నెలల తర్వాత తిరిగొచ్చింది, కామాలు మాత్రమే దిద్ది. వేరే డిపార్ట్‌మెంట్ మేడమ్ ఒకావిడ అదే చాప్టర్ మొదటి పేజీ నాచేత పైకి చదివించారు. మూడో వాక్యం దగ్గర ఆపి, "అందువల్ల అన్నావు, దేనివల్ల?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. నా సబ్జెక్టు ఆవిడకి తెలియదు, అందుకే ఆ ప్రశ్న వచ్చింది. టాపిక్ గురించి నేను ఆవిడకి నిజం చెప్పిందీ ఆ రోజే.

చాలా ఏళ్లుగా గైడ్:
కామాల సంగతి చదివితే బాధేసింది. అలాంటి మేడమ్ దొరికితే నేనూ కాదనను. కానీ ఆవిడ గంటలు ఎవరి లెక్కలోకి వస్తాయి? క్లాసులతో సమానంగా పనిభారంలో చూపించకుండా తప్పనిసరి చేస్తే, ఏడాదికోసారి ఫారం మీద సంతకంతో సరిపెడతారు. ముందు ఆ గంటలు అడగండి, మీతో పాటు నేనూ సంతకం పెడతాను.